సెల్లార్ గోడకు నెమ్ము ఎటునుంచి వస్తుంది?

(విశాఖపట్నంలో ఇళ్ల యజమానులు, అపార్ట్‌మెంట్ సంఘాల సభ్యులు, మేస్త్రీలు హాజరైన సభలో ఒక సివిల్ ఇంజనీరు చేసిన ప్రసంగానికి రికార్డింగు నుంచి రాసిన పాఠం. రాలేకపోయిన వారి కోసం.)

అందరికీ నమస్కారం. నిర్వాహకులు నాకు ఇచ్చిన అంశం సెల్లార్ గోడలకు లోపలివైపు ఇన్సులేషన్, అంటే వేడి దాటకుండా గోడకు వేసే పొర. నేను ఆ అంశం మీదే మాట్లాడతాను. అయితే ఇన్సులేషన్‌తో మొదలుపెట్టను, నీటితో మొదలుపెడతాను. గోడలోకి నీరు ఎటునుంచి వస్తోందో తెలియకుండా ఆ గోడకు ఏ బోర్డు బిగించినా, ఏ పలక అంటించినా, అది ఆ నీటిని దాచిపెట్టడమే అవుతుంది గాని ఆపడం కాదు. దాచిన నీరు ఊరుకోదు. ఇనుమును తింటుంది, బోర్డును నానబెడుతుంది, ఆ గదిలో పడుకునే పిల్లల ఊపిరితిత్తుల దాకా వస్తుంది.

ముందుగా ఒక మాట స్పష్టం చేయాలి. పార్కింగ్ కోసం అనుమతి తీసుకున్న అపార్ట్‌మెంట్ సెల్లార్‌ను గదులుగా మార్చుకోవడం గురించి నేను మాట్లాడటం లేదు. అది నిబంధనలకు విరుద్ధం, ప్రమాదం కూడా. నేను మాట్లాడేది మన ఊరికి ప్రత్యేకమైన ఇళ్ల గురించి. విశాఖ కొండల ఊరు. సీతమ్మధార, వెంకోజీపాలెం, ఆరిలోవ, కైలాసపురం, ఎండాడ, ఎక్కడ చూసినా వాలు మీద కట్టిన ఇళ్లే. ముందు వైపు నుంచి చూస్తే అది మామూలు కింది అంతస్తు. వెనక వైపు వెళ్లి చూస్తే ఆ గోడ మొత్తం కొండను ఆనుకుని, మట్టిలో ఉంటుంది. మూడు వైపులా వెలుతురు, నాలుగో వైపు మట్టి. ఆ నాలుగో గోడే ఈ రోజు మన విషయం. మీలో ఎంతమంది ఇళ్లకు అలాంటి గోడ ఉంది? చూడండి, సగం మంది చేతులు లేచాయి.

మన కొండల్లో ఎక్కువగా ఉన్నది ఖోండలైటు రాయి. అది పైపైన శిథిలమై ఎర్రమట్టి అవుతుంది, లోపల పగుళ్లతో ఉంటుంది. వాన నీరు ఆ మెత్తబడిన పొరలోకి ఇంకి, కింద గట్టి రాయి తగిలేసరికి వాలు వెంబడి పక్కకు పారుతుంది. ఆ దారికి అడ్డంగా మీ వెనక గోడ ఉంది. మన ఊళ్లో ఏడాదికి 1,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. నైరుతిలో కొంత, అక్టోబరు, నవంబరు నెలల తుపాన్లలో కొంత. వాన ఆగిన తర్వాత కూడా చాలా రోజులు గోడ చెమర్చుతూనే ఉందంటే కొండ లోపల నిలిచిన నీరు ఇంకా దిగుతూనే ఉందని అర్థం.

నీరు గోడ వెనక నిలబడితే దాని ఒత్తిడి ఎంతో ఒకసారి లెక్క వేద్దాం. ఒక మీటరు ఎత్తు నీరు చదరపు మీటరుకు 1,000 కిలోల ఒత్తిడి పెడుతుంది. మూడు మీటర్ల ఎత్తు గోడ వెనక పూర్తిగా నీరు నిలిస్తే, గోడ అడుగున చదరపు మీటరుకు 3,000 కిలోలు. లోపలి నుంచి పూసే ఏ పెయింటు దాన్ని ఆపగలదు? లోపల పూసిన పొరను వెనక నుంచి నీరు తోస్తుంది, బుడగలు వస్తాయి, పొక్కులు వస్తాయి, తర్వాతి వానాకాలానికి అది పెచ్చులుగా ఊడిపోతుంది. గోడకు బయటివైపు వేసిన పొర సంగతి వేరు. అక్కడ నీరే ఆ పొరను గోడకు అదిమి పడుతుంది. అందుకే కట్టేటప్పుడే, మట్టి పూడ్చక ముందే, బయటివైపు వాటర్‌ప్రూఫింగ్ చేయించమని ఇంజనీర్లు పట్టుబడతారు. జాతీయ భవన నియమావళి కూడా సెల్లార్ గోడలూ నేలా నీరు చొరబడనివిగా ఉండాలనే చెబుతుంది. ఇల్లు కట్టే దశలో ఉన్నవారు దయచేసి ఈ ఒక్క ఖర్చు మాత్రం వాయిదా వేయకండి. తర్వాత తవ్వి చేయించాలంటే చాలామందికి చోటే ఉండదు.

కట్టేసిన ఇంటికి ఏం చేయాలి అని మీరు అడుగుతారు. ముందు నీటి మూలం కనిపెట్టాలి. నాలుగు మూలాలున్నాయి: ఒత్తిడితో కారే ఊట, గోడ రంధ్రాల్లో పైకి పాకే చెమ్మ, గాలిలోని ఆవిరి, పైపు లీకు. చాలామంది మొదటిదొక్కటే అనుకుంటారు.

పైపు లీకు సంగతి ముందే తేల్చేయండి, అది సులువు. ఇంట్లో కుళాయిలన్నీ కట్టి మీటరు చూడండి, ముల్లు కదులుతోందా? వానతో సంబంధం లేకుండా ఏడాది పొడుగునా ఒకే చోట తడి ఉంటే పైన బాత్రూమో, పక్కన సంపో, సెప్టిక్ ట్యాంకో అనుమానించాలి. దీని గురించి ఇంతకంటే చెప్పనక్కర్లేదు.

ఊటకూ ఆవిరికీ తేడా తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది, ఖర్చు దాదాపు ఏమీ లేదు. సుమారు 45 సెంటీమీటర్ల చదరం పాలిథీన్ ముక్కను గోడ మీద పెట్టి నాలుగు అంచులూ టేపుతో గాలి చొరబడకుండా అంటించండి. రెండు రోజులు వదిలేయండి. గదిని మామూలుగానే వాడుకోండి, ఏసీ వేసే అలవాటుంటే వేయండి. తర్వాత చూడండి. షీటు పైన, అంటే గది వైపు తడి ఉంటే అది గాలిలోని ఆవిరి. షీటు వెనక, గోడకూ షీటుకూ మధ్య తడి ఉంటే అది గోడలోంచి వస్తోంది. రెండు వైపులా ఉంటే రెండూ ఉన్నట్టే, అది కూడా మన ఊళ్లో తరచుగా కనిపించేదే. ఒక్క ముక్కతో సరిపెట్టకండి. నేల దగ్గర ఒకటి, నడుం ఎత్తులో ఒకటి, పైన ఒకటి అంటించండి. అడుగున మాత్రమే తడి ఉంటే గోడా నేలా కలిసే జాయింటు మీద అనుమానం పెట్టుకోవాలి.

ఇప్పుడు గాలి సంగతి. ఫ్రిజ్‌లోంచి తీసిన స్టీలు చెంబు బయట ఎందుకు చెమర్చుతుందో మీకు తెలుసు. గోడ విషయంలో జరిగేదీ అదే, కాకపోతే అంకెలు చూస్తే గాని దాని తీవ్రత తెలియదు. జులైలో మన ఊరి గాలి 32 డిగ్రీలు, తేమ 75 శాతం అనుకుందాం. ఆ గాలి 27 డిగ్రీలకు చల్లబడితే చాలు, ఆవిరి నీరు కావడం మొదలవుతుంది. 27 అంటే ఏం చల్లదనం? ఏసీ గదిలో గోడ 24, 25 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఘనపు మీటరు బయటి గాలిలో సుమారు 25 గ్రాముల ఆవిరి ఉంటే, 24 డిగ్రీల గాలి మహా అయితే 22 గ్రాములు మోయగలదు. నాలుగు మీటర్ల వెడల్పు, అయిదు మీటర్ల పొడవు, మూడు మీటర్ల ఎత్తు గది తీసుకోండి. తలుపు తెరిచి ఆ గదిలోని గాలి ఒకసారి పూర్తిగా మారిందంటే దాదాపు ఒక గ్లాసెడు నీళ్లు మీరే లోపలికి తెచ్చి గోడల మీద, నేల మీద చల్లినట్టు.

వానాకాలంలో నెమ్ము వాసన పోవాలని కిటికీలు బార్లా తీసి పెట్టమని పెద్దలు చెబుతారు. ఏసీ లేని గదికి ఆ మాట సరైనదే, గాలి ఆడాలి. ఏసీ వేసి చల్లబరిచిన గదికి మాత్రం అది పూర్తిగా తప్పు. చల్లని గోడ మీదికి తడిగాలిని ఆహ్వానించడమే అది.

ఇక్కడే ఇన్సులేషన్‌కు అసలు పని ఉంది. దాన్ని కొంచెం నిదానంగా చెబుతాను, ఎందుకంటే ఈ ఒక్క విషయంలోనే మన వాళ్లు చాలామంది మోసపోతున్నారు.

కెనడాలో, అమెరికా ఉత్తర ప్రాంతాల్లో ఇళ్లకు సెల్లార్ ఉండటం మామూలు. అక్కడ చలికాలంలో నేల లోతుగా గడ్డకడుతుంది కాబట్టి పునాది ఆ లోతును దాటి కిందికి వెళ్లాలి. అంత తవ్వాక ఆ చోటును గదిగా వాడుకుంటారు. వాళ్లకు ఇన్సులేషన్ లోపలి వేడి బయటికి పోకుండా ఉండటానికి. లోపలి వెచ్చని గాలిలో ఆవిరి ఎక్కువ, అది చల్లని కాంక్రీటు వైపు వెళ్తుంది కాబట్టి, దాన్ని ఆపడానికి గది వైపు పాలిథీన్ షీటు వేసేవారు. గోడకు ఫ్రేము కట్టి, మధ్యలో గ్లాస్ వూల్ (గాజు నారతో చేసిన దూది) నింపి, దాని మీద షీటు, దాని మీద జిప్సం బోర్డు. అక్కడ కూడా ఆ పద్ధతి సెల్లార్ గోడల దగ్గర దెబ్బతింది. మట్టి తడి కాంక్రీటులోంచి లోపలికి వచ్చి షీటు వెనక చిక్కుకుపోయి, బూజు పట్టింది. అందుకే అక్కడి భవన శాస్త్రవేత్తలు పాలిథీన్ షీటు మానుకుని, నేరుగా కాంక్రీటుకు ఫోమ్ పలక అంటించే పద్ధతిని సిఫారసు చేస్తున్నారు.

మన ఊళ్లో లెక్క ఇంకా తిరగబడుతుంది. భూమి లోపల కొన్ని మీటర్ల లోతున ఉష్ణోగ్రత ఆ ఊరి ఏడాది సగటుకు దగ్గరగా ఉంటుంది. మనకది సుమారు 28 డిగ్రీలు. కొండ మట్టి ఎప్పుడూ తడిగానే ఉంటుంది కాబట్టి దానిలోని ఆవిరి పీడనం, అంటే ఆవిరి తోసే ఒత్తిడి, 24 డిగ్రీల ఏసీ గదిలోని ఆవిరి పీడనానికి రెండింతలకు పైగా ఉంటుంది. అంటే ఆవిరి ఎటు నడుస్తుంది? బయటి నుంచి లోపలికి. వేసవిలోనూ లోపలికే, వానాకాలంలోనూ లోపలికే. ఆ దారిలో గది వైపు మీరు పాలిథీన్ షీటు వేశారనుకోండి, వినైల్ వాల్‌పేపర్ అంటించారనుకోండి, ఆయిల్ పెయింటు పూశారనుకోండి, ఆవిరి సరిగ్గా ఆ చల్లని పొర వెనక ఆగి నీరవుతుంది. బయటికి మాత్రం అందమైన గోడ.

వెంకోజీపాలెం వైపు వాలు మీద ఉన్న ఒక ఇంట్లో హోం థియేటర్ గదిలో అలాంటి గోడను విప్పినప్పుడు నేను దగ్గర ఉన్నాను. బయట ఖరీదైన వాల్‌పేపర్, ఒక్క మరక లేదు. బోర్డు తీసేసరికి వెనక కాగితం మీద మోకాలి ఎత్తు దాకా నల్లటి బూజు, వేలితో రాస్తే అంటుకుంది. గ్లాస్ వూల్ నీటి బరువుకు జారి కింద ముద్దగా కూర్చుంది, పైన సగం గోడ ఖాళీ. ఫ్రేము అడుగున ఉన్న ఇనుప పట్టీ తుప్పు పట్టి, చేత్తో వంచితే విరిగింది. ఆ ఇంటి అమ్మగారికి రెండేళ్లుగా దగ్గు. దగ్గుకు ఈ గోడే కారణమని చెప్పడానికి నేను వైద్యుణ్ణి కాను. అలాంటి గాలిని ఎవరూ పీల్చకూడదని మాత్రం ఇంజనీరుగా గట్టిగా చెప్పగలను.

మరి ఇన్సులేషన్ అసలు అవసరమా? నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఏసీ లేని గదికి, సామాను పెట్టుకునే గదికి అవసరం లేదు. మట్టి 28 డిగ్రీల దగ్గరే ఉంటుంది కాబట్టి ఆ గోడలోంచి వచ్చే వేడి స్వల్పం. ఆ డబ్బు బయటి డ్రెయిన్ మీద పెట్టండి. రోజూ ఏసీ వాడే గదికి కొంత కరెంటు ఆదా అవుతుంది. అప్పుడప్పుడూ ఏసీ వేసే గదికి మాత్రం లాభం ఎక్కువ. ఎందుకంటే 200 మిల్లీమీటర్ల కాంక్రీటు గోడ ఒకసారి చల్లబడితే ఏసీ కట్టేసిన తర్వాత కూడా గంటల తరబడి చల్లగానే ఉంటుంది, తలుపు తీయగానే తడిగాలి వచ్చి దాని మీద చెమర్చుతుంది. లోపలివైపు పలుచని ఇన్సులేషన్ పొర ఉంటే గది ముఖం వెంటనే గది గాలితో పాటు వెచ్చబడుతుంది. చెమర్చే అవకాశం తగ్గుతుంది.

ఏ పదార్థం వాడాలి? నీరు పీల్చనిది వాడాలి. గ్లాస్ వూల్ వద్దు, ప్లైవుడ్ వద్దు, కాగితం ముఖం ఉన్న మామూలు జిప్సం బోర్డు వద్దు. ఇన్సులేషన్ పనిచేసేది దానిలోని గాలి వల్ల. ఆ గాలి స్థానంలోకి నీరు చేరితే, నీరు గాలి కంటే ఇరవై రెట్లకు పైగా వేడిని పంపిస్తుంది కాబట్టి, తడిసిన ఇన్సులేషన్ ఇన్సులేషనే కాదు. ఎక్స్‌పీఎస్ పలకలు, అంటే నీరు పీల్చని గట్టి ఫోమ్ పలకలు, 25 నుంచి 50 మిల్లీమీటర్ల మందం, సరిపోతాయి. మంచి సాంద్రత ఉన్న థర్మోకోల్ కూడా పనికొస్తుంది. పలకకూ గోడకూ మధ్య ఖాళీ ఉండకూడదు, గది గాలి దాని వెనక్కు వెళ్లకూడదు. అంచులు, జాయింట్లు టేపుతో, ఫోముతో మూసేయాలి. పలకలను నేలకు ఆనించకండి, కొద్దిగా ఎత్తులో ఆపండి. నేల మీద ఎప్పుడైనా నీరు చేరినా అది తడవదు, గోడ అడుగు మీ కంటికి కనిపిస్తూ ఉంటుంది. దాని మీద సిమెంటు ఫైబర్ బోర్డు బిగించి, ఆవిరిని ఆపకుండా వదిలే ఎమల్షన్ పెయింటు వేసుకోండి.

ఫోమ్ పలకను మాత్రం ఎన్నడూ పైకి కనిపించేలా వదలకండి. అది మండుతుంది, మండితే దట్టమైన విషపు పొగ వస్తుంది, సెల్లార్‌లో పొగ కమ్మితే బయటపడటానికి దారి చాలాసార్లు ఒకటే ఉంటుంది. బోర్డు కప్పడం అందం కోసం కాదు, ప్రాణం కోసం.

ఇక ఉప్పు. వెనక కూర్చున్న మేస్త్రీ గారు దీని కోసమే ఎదురు చూస్తున్నట్టున్నారు. సముద్రం పక్క ఊరు మనది. గోడ మీద తెల్లటి పొడి, దూదిలా లేచిన పొర మీరంతా చూసే ఉంటారు. నీరు మట్టిలోని, ఇసుకలోని లవణాలను మోసుకొచ్చి, తాను ఆవిరైపోతూ వాటిని గోడ ముఖం మీద వదిలేస్తుంది. చాలామంది దాన్ని గీకి పుట్టీ పెట్టి రంగు వేస్తారు, ఆర్నెల్లలో మళ్లీ వస్తుంది. ఎందుకు వస్తుంది? మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే తానే నీటిని పీల్చుకుని కరుగుతుంది. మన గాలిలో తేమ ఏడాదిలో చాలా భాగం ఆ గీతకు అటూ ఇటూనే ఉంటుంది. అంటే మీరు ఊట పూర్తిగా ఆపేసినా, ఉప్పెక్కిన ప్లాస్టరింగు అక్కడే ఉంటే, వాన వచ్చిన ప్రతిసారీ ఆ గోడ చెమర్చుతూనే ఉంటుంది. మీరేమో వాటర్‌ప్రూఫింగ్ విఫలమైందనుకుంటారు. అందుకని వేలి కణుపుతో తట్టి చూడండి. డొల్ల శబ్దం వచ్చిన చోటు, ఉప్పు కనిపించిన చోటు, దానికి పైన ఇంకో అర మీటరు దాకా ప్లాస్టరింగు మొత్తం చెక్కించేయండి. ఆ చెక్కిన పెచ్చులను గదిలో కుప్ప పోయకుండా వెంటనే బయటికి పంపండి. కొత్త ప్లాస్టరింగుకు కడిగిన నది ఇసుకో, మంచి రోబో శాండో వాడండి, నీళ్లు ఉప్పునీళ్లు కాకుండా చూసుకోండి.

చెక్కిన తర్వాత గోడ అసలు రూపం కనిపిస్తుంది. పగులు ఉందా, కాంక్రీటులో కంకర తేలి తేనెతుట్టెలా ఉన్న చోటు ఉందా, పోత ఆపి మళ్లీ పోసిన జాయింటు ఉందా? నీరు వచ్చేది ఎక్కువగా వీటిలోంచే. కారుతున్న పగుళ్లకు పాలీయూరిథేన్ ఇంజెక్షన్ గ్రౌటింగు, అంటే పగులులోకి ఒత్తిడితో ద్రవం ఎక్కించే పని, చేయించాలి, అది నీటితో కలిసి ఉబ్బి దారి మూస్తుంది. మిగతా ముఖానికి క్రిస్టలైన్ పూత, లేదా పాలిమర్ కలిపిన సిమెంటు పూత. క్రిస్టలైన్ పూత కాంక్రీటు రంధ్రాల్లోకి వెళ్లి అక్కడే స్ఫటికాలు కడుతుంది కాబట్టి నీరు వెనక నుంచి తోసినా ఊడిపోదు. ఇటుక గోడకు అది పనిచేయదు, ఈ తేడా తప్పకుండా అడిగి తెలుసుకోండి.

ఇవన్నీ లోపలి పనులు. అసలు మందు బయట ఉంది. మీ డాబా 100 చదరపు మీటర్లనుకోండి. ఒక తుపాను రోజున 100 మిల్లీమీటర్ల వాన పడితే డాబా మీద నుంచి దిగే నీరు 10,000 లీటర్లు. అది దిగే గొట్టం ఎక్కడ వదిలారు? చాలా ఇళ్లలో సరిగ్గా ఆ వెనక గోడ మొదట్లో. ఒక ట్యాంకరు నీళ్లు తెచ్చి మనమే గోడ వెనక పోసుకుంటున్నాం. ఆ గొట్టాన్ని పక్కకు మళ్లించండి. గోడ పక్క మట్టిని, మీటరుకు అయిదు సెంటీమీటర్ల చొప్పున గోడ నుంచి దూరంగా వాలేలా సర్ది, పైన గచ్చు చేయించండి. గోడను ఆనించి పూలమొక్కల మడులు కట్టి రోజూ నీళ్లు పోసేవారున్నారు, ఆ మడులు తీసేయండి. కొండ వైపు ఎగువన అడ్డంగా ఒక కాలువ తవ్వితే పై నుంచి వచ్చే నీరు గోడ దాకా రాదు. చోటుంటే గోడ అడుగున చిల్లుల పైపు, చుట్టూ 20 మిల్లీమీటర్ల కంకర, దాని చుట్టూ జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీటిని వదిలి మట్టిని ఆపే గుడ్డ) చుట్టి పెట్టించండి. గుడ్డ లేకపోతే మన ఎర్రమట్టి రెండు మూడు వానలకే కంకరను పూడ్చేస్తుంది. మట్టిని ఆపే రిటైనింగ్ వాల్‌కు ఉన్న వీప్ హోల్స్, అంటే వెనక నీరు బయటికి కారే చిల్లులు, చాలాచోట్ల సిమెంటుతో మూసేసి ఉంటున్నాయి, నీళ్లు కారి అసహ్యంగా ఉందని మూయించారట. దయచేసి తెరిపించండి. అవి మూస్తే ఆ నీటి బరువంతా గోడ మీద పడుతుంది, గోడ ఒరిగిపోయే ప్రమాదం ఉంది.

బయట తవ్వే వీలు లేని ఇళ్లకు లోపలే గోడ వెంట నేలలో చిన్న కాలువ తీసి, సంపులోకి కలిపి, మోటారుతో బయటికి తోడటం ఒక్కటే దారి. ఆ మోటారుకు ఇన్వర్టరో జనరేటరో తప్పనిసరి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మన ఊళ్లో చాలా ప్రాంతాలకు రోజుల తరబడి కరెంటు లేదు. మోటారు అవసరం పడేది సరిగ్గా అలాంటి రోజునే.

ఏసీ గురించి ఒక్క మాట. గది చిన్నదైతే పెద్ద ఏసీ పెట్టకండి. అది గదిని త్వరగా చల్లబరిచి ఆగిపోతుంది, తేమ తీసేంత సేపు నడవదు. చల్లగా ఉంటుంది, నెమ్ముగానూ ఉంటుంది. తేమను కొలిచే డిజిటల్ హైగ్రోమీటరు ఒకటి కొని గదిలో పెట్టుకోండి, ఖరీదైనదేమీ కాదు. తేమ 60 శాతం లోపు ఉంచగలిగితే మంచిది. గోడ ముఖం దగ్గర 80 శాతం దాటి రోజుల తరబడి ఉంటే బూజు మొదలవుతుంది. ఏసీ చాలకపోతే గాలిలోని తేమను లాగేసే డీహ్యుమిడిఫయర్ పెట్టాలి.

చివరగా పని వరుస అడుగుతున్నారు, చెబుతాను. జనవరి నుంచి మే లోపు బయటి డ్రెయిన్లు, గొట్టాలు, వాలు సరిచేయండి. అదే సమయంలో లోపల ఉప్పు ప్లాస్టరింగు చెక్కి, పగుళ్లు మూయించి, పూత వేయించండి. అక్కడ ఆగండి. బోర్డు బిగించకండి. కాంక్రీటు ఆరడానికి అంగుళానికి నెల అని మన రంగంలో ఒక స్థూలమైన లెక్క ఉంది, 200 మిల్లీమీటర్ల గోడకు అదెంతో మీరే లెక్క వేసుకోండి. గోడను అలాగే వదిలి ఒక వానాకాలం గడవనివ్వండి. డిసెంబరులో మళ్లీ ఆ పాలిథీన్ ముక్కలు అంటించి చూడండి. షీటు వెనక పొడిగా ఉంటే అప్పుడు ఫోమ్ పలకలు కొనండి. తడి ఉంటే ఎంత ఎత్తులో ఉందో గోడ మీద సుద్దతో గీత గీసి, ఆ గీతతో సహా ఫోటో తీసి, ఇంజనీరును పిలిచి చూపించండి.